ఇల్లు ఎవరికి ఇవ్వకూడదంటే

అద్దెకిచ్చే ఇల్లు కొనేటప్పుడు మొదట చూడాల్సింది బాత్రూము అని అన్నయ్య సిద్ధాంతం. హాలు చూసి మురిసిపోయేవాళ్లూ, వంటగది చూసి ఊహల్లో తేలిపోయేవాళ్లూ తర్వాత ఏడాదంతా ప్లంబరు చుట్టూ తిరుగుతారట. అందుకే ఆ ఆదివారం పొద్దున అమ్మకానికున్న ఆ మేడమీది ఇంట్లోకి అడుగుపెట్టగానే, ఇంట్లో అద్దెకుంటున్నావిడ "రండి, కూర్చోండి" అంటున్నా వినిపించుకోకుండా, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నేరుగా బాత్రూములోకి వెళ్లిపోయాడు. బకెట్టుతో నీళ్లు గుమ్మరించి, అవి ఎటు పోతున్నాయో వంగి చూస్తూ నిలబడ్డాడు.

ఆయన చెల్లెలు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఇల్లు కొంటున్నది ఆమే. సిటీ బస్సులో కండక్టరు. రిటైర్మెంటు ఇంకా దూరమే కానీ, మోకాళ్లు అప్పుడే దరఖాస్తు పెట్టుకున్నాయి. రోజంతా "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటూ ఊరందరినీ నెట్టుకొచ్చే మనిషి, ఇక్కడ గుమ్మం దాటడానికి మొహమాటపడింది. ఇంకొకరు కాపురముంటున్న ఇల్లు మరి.

"నీళ్లు నిలవట్లేదు. మంచిదే!" బాత్రూములోంచి తీర్పు వినిపించింది.

"సారుకి తెలియని ఇల్లా!" అన్నాడు మెట్ల మీద నిలబడ్డ బ్రోకరు, ఆ మాట వినాల్సినవాళ్లకు వినబడేంత గట్టిగా.

అన్నయ్య మందుల గోడౌనులో లెక్కలు రాసే గుమాస్తా. కానీ తన ఇంటి మీద ఒక పోర్షను వేయించి అద్దెకిచ్చిన నాటినుంచీ వీధిలో ఆయన పేరు ఓనరుగారు. వదిన కూడా అలాగే పిలుస్తుంది. కాకపోతే ఆవిడ పిలుపులో కాస్త కారం ఉంటుంది. ఓనరుగారు వంటగదిలో కుళాయి తిప్పాడు, తలుపులు మూసి తెరిచాడు, కరెంటు మీటరు ఈ ఇంటికి వేరుగా ఉందో లేదో అడిగాడు. గోడల్ని వేలి కణుపుతో కొడుతూ డాక్టరు రోగి వీపు మీద కొట్టి చూసినట్టు చెవి ఆనించి విన్నాడు.

అద్దెకుంటున్నావిడ బట్టలు కుడుతుంది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ కత్తిరించిన ముక్కలు. కిటికీ కింద గోడకు ఒక వెడల్పాటి చెక్క బిగించి ఉంది. మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి కుట్టిన పరుపు దానిమీద వేసి ఉంది.

"మా ఆయన బిగించాడక్కా, నేను కాసేపు నడుం వాల్చుకోవడానికి," అంది కుట్టుపని అమ్మాయి. "మీరు కూర్చోండి. టీ పెడతాను."

కండక్టరమ్మ కూర్చుంది. కూర్చోగానే కిటికీలోంచి చల్లటి గాలి వచ్చి మెడ వెనక తగిలింది. కింద వీధిలో ఎవరో సైకిలు తుడుచుకుంటున్నారు. ఎదురింటి డాబా మీద దుప్పట్లు ఆరుతున్నాయి. వంటగదిలో గిన్నె చప్పుడు. ఆమె వీపు గోడకు ఆన్చింది. ఆన్చిన మరుక్షణం ఒంట్లో ఏదో సడలిపోయింది. ఎన్నేళ్లుగానో తెలియకుండా బిగబట్టుకున్నది. ఇక్కడ కూర్చుంటే ఎవరూ లేవమనరు అనిపించింది. ఈ కిటికీ కావాలి అనిపించింది. అద్దె కోసం కాదు. పెట్టుబడి కోసం అంతకన్నా కాదు. తనకు కావాలి. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, బ్యాగు మూల పడేసి, దీపం కూడా వేసుకోకుండా ఇక్కడ కూర్చోవాలి. ఆ కోరిక ఎంత గట్టిగా పట్టుకుందంటే, టీ గ్లాసు చేతికిచ్చినా కాసేపు తాగడం మర్చిపోయింది.

"ఈ బీరువా కొంచెం జరపాలమ్మా," అన్నాడు అన్నయ్య. "గోడ సంగతి బీరువా వెనకే తెలుస్తుంది."

కుట్టుపని అమ్మాయి ముఖం చిన్నబోయింది. బీరువా మీద అట్టపెట్టెలు, వాటి మీద ఎవరివో కుట్టాల్సిన బట్టల మూటలు.

"వద్దులే అన్నయ్యా. వాళ్లనెందుకు ఇబ్బంది పెట్టడం," అంది కండక్టరమ్మ.

అన్నయ్య చెల్లెలివైపు జాలిగా చూశాడు. ఇల్లు కొనేటప్పుడు మొహమాటం పనికిరాదన్నది కూడా ఆయన సిద్ధాంతాల్లో ఒకటి. కానీ కొనేది ఆమె కాబట్టి ఊరుకున్నాడు.

వెళ్లేముందు కుట్టుపని అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "ఎవరు కొన్నా అద్దెకు మేమే ఉంటామని బ్రోకరుగారు అంటున్నారక్కా. అంతేనా?"

కండక్టరమ్మ అన్నయ్యవైపు చూసింది. అన్నయ్య పైకప్పువైపు చూశాడు.

"చూద్దామమ్మా," అంది. ఆ మాటకు అర్థమేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

బస్టాపు దాకా నడుస్తూ అన్నయ్య పాఠం మొదలుపెట్టాడు. ఎండ మండిపోతోంది. గొడుగు ఆయన చేతిలో ఉంది.

"ఇల్లు బాగుంది. కొనేయ్. కానీ అద్దెకున్నవాళ్లతో సహా ఇల్లు కొనకూడదు. పాత మనుషులుంటే పాత అద్దె ఉంటుంది, పాత ఓనరు ఇచ్చిన మాటలన్నీ మన నెత్తిన ఉంటాయి. ముందు ఖాళీకి ఒప్పించాలి, ఆ తర్వాతే రిజిస్ట్రేషను. ఏటా ఒక నెల అద్దె రిపేర్లకని పక్కన పడేయ్, దాని జోలికి పోకు. కొత్తవాళ్లని నేను చూసి పెడతాలే."

"ఎలాంటివాళ్లని చూస్తావు?"

"ఎవరికి ఇవ్వకూడదో తెలిస్తే చాలు, మిగిలినవాళ్లంతా మంచివాళ్లే," అన్నాడు అన్నయ్య హుషారుగా. ఇది ఆయనకు ఇష్టమైన అధ్యాయం. "చుట్టాలకి ఇవ్వకూడదు. అద్దె అడగలేం, లేవమనలేం. లాయర్లకి ఇవ్వకూడదు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. ఇక ఒంటరిగా ఉండే మనిషికి, అందులోనూ ఆడమనిషికి, అస్సలు ఇవ్వకూడదు. లేనిపోని తలనొప్పి. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఇంత పొద్దుపోయాక ఎక్కణ్నించి వస్తోంది అని వీధంతా మనల్నే అడుగుతుంది. మంచిదే కావచ్చు. మనకెందుకు చెప్పు?"

ఎండ చెల్లెలి మీద పడకుండా గొడుగు ఆమెవైపే వంచి పట్టుకుని మరీ చెప్పాడు. ఆయన భుజం మాత్రం ఎండలో ఉంది.

"ఊ," అంది కండక్టరమ్మ.

*

అన్నయ్య ఇంట్లో ఆమెది ముందుగది. ఆమెది అంటే, అందరిదీ. వీధి తలుపు తెరిస్తే ఆ గదే. టీవీ అందులోనే, చెప్పుల స్టాండు అందులోనే, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు నిలబడేదీ అక్కడే. పగలు దివాను, రాత్రి ఆమె మంచం. కింద ఆమె ట్రంకుపెట్టె. గోడ మేకుకు యూనిఫాం. అన్నయ్య వార్తలు చూడటం అయ్యాక పక్క వేసుకుంటుంది. పొద్దున పాలవాడు తలుపు తట్టేసరికి పక్క తీసేస్తుంది. ఎవరూ ఆమెను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అదే చిక్కు. ఒక మాట అని ఉంటే పోట్లాడి ఎప్పుడో బయటపడేది. ఆమెకు జ్వరం వస్తే వదిన రాత్రంతా కూర్చుంటుంది. అన్నయ్య టీవీ గొంతు తగ్గిస్తాడు. అంత ప్రేమగా చూసుకునే ఇంట్లో నాకొక తలుపు కావాలి అని ఎలా అడగడం?

అడగబోయి ఆగిన సందర్భాలూ ఉన్నాయి. అన్నయ్య ఇంటి పైపోర్షను ఖాళీ అయినప్పుడల్లా ఆమె యూనిఫాం ఆరేసే మిషతో పైకెక్కుతుంది. ఖాళీ గదిలో నిలబడి, ఇక్కడ మంచం, అక్కడ స్టవ్వు అనుకుంటుంది. కింద భోజనాల దగ్గర అన్నయ్య తనంతట తాను "నువ్వు పైకెళ్లిపోరాదూ?" అంటాడేమోనని చూస్తుంది. అద్దె ఇస్తుంది కదా, ఊరికే కాదు కదా. అన్నయ్య అనడు. కొత్తవాళ్లు వస్తారు. ఆమె మళ్లీ దివాను మీద పక్క వేసుకుంటుంది. పోయిన నెల నుంచీ పైపోర్షను మళ్లీ ఖాళీగా ఉంది. సున్నాలు వేయిస్తున్నారు. ఈసారి ఆమె పైకి ఎక్కలేదు. ఎందుకంటే దాచుకున్నదంతా తీసి సొంత ఇల్లే కొనబోతోంది.

అందులో తానే ఉంటానని మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"ఏంటమ్మాయ్, ఒంటరిగా నవ్వుకుంటున్నావ్?" అంది వదిన, కూరగాయలు తరుగుతూ. ఆడపడుచుకు జుట్టు నెరిసినా వదినకు ఆమె ఇంకా అమ్మాయే. "ఇంటి ఓనరువి కాబోతున్నావని ఇప్పట్నించే గీరా? ఈ ఇంట్లో ఒక ఓనరుతోనే నేను వేగలేక చస్తున్నాను."

మర్నాడు బస్సులో కండక్టరమ్మ వెనక సీటు దగ్గర చిల్లర లెక్కపెడుతూ, మంచం కిటికీ పక్కన వేయాలా ఎదురుగా వేయాలా అని ఆలోచిస్తోంది. పక్కన వేస్తే గాలి. ఎదురుగా వేస్తే పడుకుని కూడా ఆకాశం కనబడుతుంది.

"ఏం కండక్టరమ్మా!" అని డ్రైవరు అద్దంలోంచి అరిచాడు. "విజిలు మింగేశావా ఏంటి? ఆసుపత్రి స్టాపు దాటి రెండు సందులొచ్చేశాం. ఈ పెద్దాయన్ని డిపోకి తీసుకుపోదామా?"

బస్సంతా నవ్వింది. ఆ పెద్దాయనకు చేయి పట్టి దిగడానికి సాయం చేస్తుంటే ఫోను మోగింది. బ్రోకరు.

"మేడం, వాళ్లకి చెప్పేశాను. గొడవేం చేయలేదు, పాపం మంచోళ్లే. ఈ వారంలోనే ఖాళీ చేస్తారట. మీకిష్టమేగా? అన్నయ్యగారు అలాగే చెప్పమన్నారు."

అక్కడ ఆగవచ్చు. "వద్దు, నేను ఆలోచించుకుంటాను" అనవచ్చు. కానీ వాళ్లుంటే తాను ఉండలేదు. కిటికీ ఒక్కటే. టీ గ్లాసు అందించిన చేయి కళ్ల ముందు కదిలింది. ఆమె దాన్ని పక్కకు నెట్టింది. ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి తన కోసం ఎవరినో లేపి తాను కూర్చుంటోంది. ఎవరో ఒకరు లేవకుండా ఎవరికీ సీటు దొరకదని ఆమెకన్నా తెలిసినవాళ్లు ఎవరు?

"సరే," అంది.

*

బుధవారం ఆమెకు పొద్దుటి డ్యూటీ. దిగగానే, కిటికీలకు తెరలు కొలుచుకోవాలన్న మిషతో, టేపు ఒకటి బ్యాగులో వేసుకుని ఆ ఇంటికి వెళ్లింది. తెరలు కొలవడం అబద్ధమేమీ కాదు. కానీ అసలు సంగతి, ఆ కిటికీ దగ్గర ఇంకొకసారి కూర్చోవాలనిపించింది.

ఇల్లంతా మూటలు. కుట్టుపని అమ్మాయి నేలమీద కూర్చుని గిన్నెల్ని పాత బట్టల్లో చుట్టి బుట్టలో సర్దుతోంది. ఆమె కోపంగా చూస్తుందనుకుంది కండక్టరమ్మ. కోపంగా చూసి ఉంటేనే బాగుండేది.

"రండక్కా. కూర్చోడానికి చోటు లేదు, ఏమనుకోకండి." మూటల్ని కాలితో జరిపి దారి చేసింది. "తెరలు కొలుస్తారా? ఈ కిటికీకి ఎంత గుడ్డ పడుతుందో నేను చెప్తాను, ఎక్కువ కొని వేస్టు చేయకండి. వీధి తలుపు కొంచెం పైకెత్తి వేస్తేనే గడియ పడుతుంది. వంటగది కుళాయి పూర్తిగా తిప్పితే మోత మోగుతుంది, సగమే తిప్పాలి. అద్దెకొచ్చేవాళ్లకి చెప్పండి."

"చెప్తాను," అంది కండక్టరమ్మ. అద్దెకెవరూ రావట్లేదు, నేనే వస్తున్నాను అనాల్సింది. టేపు కొస కిటికీ అంచుకు ఆన్చింది.

గిన్నె చుడుతున్న చేయి ఆగింది. "ఒకటి అడగనా అక్కా? మమ్మల్ని ఖాళీ చేయించమని మీరే చెప్పారా?"

కండక్టరమ్మ టేపు లాగింది, వదిలింది. అది టక్కున లోపలికి పోయింది. "అన్నయ్య చెప్పాడు," అంది. సగం నిజం.

"అవునా?" కుట్టుపని అమ్మాయి ఆశ్చర్యపోయింది. తర్వాత, నవ్వాలా వద్దా అన్నట్టు నవ్వింది. "భలే మనిషి. మరి ఆయనే మాకు ఇల్లిచ్చారు కదా!"

"ఏ ఇల్లు?"

"మీకు తెలీదా? మీ మేడమీదేనంట. సోమవారం సాయంత్రం మా ఆయన పనిచేసే బేకరీకి వచ్చి మరీ అడిగారు. మీ ఇంటికొచ్చినప్పుడే చూశాను, ఎంత శుభ్రంగా పెట్టుకున్నారో, మీలాంటివాళ్లు దొరకడం కష్టం, మా పైపోర్షను ఖాళీగా ఉంది, వస్తారా అన్నారు. అద్దె ఇక్కడికన్నా కొంచెం ఎక్కువే. కానీ ఎక్కడికి పోవాలో తెలీక మేమిద్దరం దిక్కులు చూస్తున్నాం కదా. కాదనలేదు." ఆమె గిన్నెను బుట్టలో పెట్టింది. "దేవుడిలా వచ్చారక్కా. మీరే చెప్పి ఉంటారనుకున్నాను."

కండక్టరమ్మ టేపును మళ్లీ లాగింది. చెవుల్లో బస్సు ఇంజను హోరులాంటిదేదో వినిపిస్తోంది. కోపమా? కోపమైతే తెలిసేది. అంతకన్నా పాతదేదో, అడుగున పడి ఉన్నదేదో కదిలింది. ఆ పైపోర్షనులో ఎన్నిసార్లు నిలబడింది! ఇక్కడ మంచం, అక్కడ స్టవ్వు. అన్నయ్య ఒక్క ఆదివారం చూసిన మనుషుల్ని వెతుక్కుంటూ బేకరీ దాకా వెళ్లాడు. భోజనాల బల్లకు అవతల కూర్చున్న మనిషి దాకా రాలేకపోయాడు.

కుట్టుపని అమ్మాయి లేచి, స్క్రూడ్రైవరు తీసుకుని కిటికీ కింది చెక్క విప్పడం మొదలుపెట్టింది. "ఇది మాదేనక్కా. తీసుకెళ్తున్నాం," అంది కొంచెం బిడియంగా, ఓనరు అడ్డుపడుతుందేమో అన్నట్టు. ఒక స్క్రూ తుప్పుపట్టి కదల్లేదు. కండక్టరమ్మ టేపు పక్కన పెట్టి, చెక్క అవతలి కొస ఎత్తి పట్టుకుంది. స్క్రూ వదులైంది. తనకు కావాలనుకున్న దాన్ని తన చేతులతోనే గోడ నుంచి దించి, మూటల పక్కన నిలబెట్టింది.

*

సాయంత్రం అన్నయ్య పైపోర్షనులో స్టూలెక్కి కొత్త బల్బు బిగిస్తున్నాడు. సున్నం వాసన. నేలమీద చుక్కలు పడినచోట వదిన తడిగుడ్డతో తుడుస్తోంది. కండక్టరమ్మ యూనిఫాంలోనే మెట్లెక్కి వచ్చింది.

"వచ్చావా? ఆ స్విచ్చి వెయ్యి," అన్నాడు అన్నయ్య. వేసింది. గది తెల్లగా వెలిగింది. "చూశావా, లేత రంగు వేస్తే గది పెద్దదిగా కనబడుతుంది. నీ ఇంటికి కూడా ఇదే వేయిద్దాం."

"వాళ్లని నా ఇంట్లోంచి లేపి నీ ఇంట్లో పెట్టుకుంటున్నావట."

అన్నయ్యకు ఆ గొంతులో తేడా వినబడలేదు. "దొరికారు కదా అని! అంత శుభ్రమైనవాళ్లు మళ్లీ దొరుకుతారా? నీ ఇంట్లో ఉంటే నీకు పాత అద్దె. ఇక్కడికొస్తే వాళ్లకి కొత్త ఇల్లు, మనకి కొత్త అద్దె. నువ్వు కొత్తవాళ్లని తెచ్చుకుంటావు. ఎవరికీ నష్టం లేదు."

"నాకెప్పుడైనా ఇవ్వాలనిపించిందా?"

"ఏది?"

"ఈ గది."

అన్నయ్య స్టూలు మీదే ఉండిపోయాడు. "నీకెందుకు ఈ గది? నీకు ఇల్లుంది కదా. కింద."

"కింద నాకు దివాను ఉంది అన్నయ్యా."

వదిన తుడవడం ఆపింది.

"నువ్వెప్పుడూ అడగలేదుగా," అన్నాడు అన్నయ్య. గొంతులో నొచ్చుకున్న ధ్వని. నిజంగానే నొచ్చుకున్నాడు. "అడిగితే కదా తెలిసేది."

"అడిగితే ఇచ్చేవాడివా?"

ఆయన నోరు తెరిచాడు. "ఎందుకివ్వను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చినట్టే ఉంది. కానీ ఇల్లు ఎవరికివ్వాలి, ఎవరికివ్వకూడదు అన్న విషయంలో ఆ మనిషి ఏనాడూ అబద్ధమాడలేదు. అదొక్కటే ఆయనకు బాగా తెలిసిన విద్య. చుట్టం. ఒంటరి. ఆడమనిషి. ఆమెను మొట్టమొదటిసారి ఇల్లు అడగడానికొచ్చిన మనిషిగా చూస్తున్నట్టు, స్టూలు మీంచి చూశాడు. నోరు మూసుకున్నాడు.

"ఇచ్చేవాళ్లం కాదమ్మాయ్," అంది వదిన నేలవైపు చూస్తూ. "నేను కూడా. చెల్లెల్ని ఒక్కదాన్నే మేడమీద పెట్టారు అని పదిమందీ అంటారని. నీ దగ్గర అద్దె తీసుకుంటే బాగుండదని. తీసుకోకపోతే ఆ వచ్చేదీ పోతుందని." గుడ్డను బకెట్టులో పిండింది. నీళ్లు తెల్లగా కారాయి. "కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నాం అనుకున్నాను. అది కూడా నిజమే."

"నిజమే వదినా," అంది కండక్టరమ్మ. "అందుకే కొంటున్నాను. ఏ ఓనరు దగ్గరకెళ్లినా మీవాళ్లెవరు, ఒక్కరేనా అంటారు. నాకు ఇల్లిచ్చే ఓనరు దొరకలేదు. అందుకని నేనే ఓనర్నవుతున్నాను. అది అద్దెకివ్వను. నేనే ఉంటాను."

"ఒక్కదానివేనా?" అన్నాడు అన్నయ్య.

ఆ ప్రశ్న గదిలో అందరికీ వినబడింది. అన్నవాడికి కూడా. ఆయన మెల్లగా స్టూలు దిగి, దాన్ని ఎత్తి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

*

రిజిస్ట్రేషను అయిన మర్నాడు ఒకే వ్యాను రెండు ట్రిప్పులు తిరిగింది. మొదటి ట్రిప్పులో కుట్టుమిషను, బీరువా, మూటలు అన్నయ్య ఇంటికి వచ్చాయి. తిరిగి వెళ్లేటప్పుడు కండక్టరమ్మ ట్రంకుపెట్టె, పరుపు, ఒక స్టవ్వు ఎక్కాయి.

"ఇంతేనా మేడం సామాను?" వ్యాను డ్రైవరు వెనక తలుపు వేస్తూ నవ్వాడు. "దీనికి వ్యానెందుకు, మీ బస్సులో పెట్టుకుపోయినా సరిపోయేది. సగం టిక్కెట్టు."

వదిన మెట్ల దగ్గర నిలబడి, "స్టవ్వు దగ్గర జాగ్రత్తమ్మాయ్, గ్యాసు వాసన వస్తే కిటికీ తియ్యి," అని మళ్లీ మళ్లీ చెప్పింది. వేరే మాటేదీ ఆవిడ నోట రాలేదు. అన్నయ్య గోడౌనుకు పొద్దున్నే వెళ్లిపోయాడు. పైన కుట్టుపని అమ్మాయి కిటికీలోంచి చేయి ఊపింది. ఆమె చెక్క అప్పుడే ఆ కిటికీ కింద బిగిస్తున్నారు. డ్రిల్లు చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

ఇల్లు తెరిచింది కండక్టరమ్మ. తెరిచి నిలబడిపోయింది.

ఇది ఆమె చూసిన ఇల్లు కాదు. గది వెలవెలబోతోంది. అడుగు వేస్తే చప్పుడు నాలుగు గోడలకూ కొట్టుకుని తిరిగొస్తోంది. బీరువా ఉన్నచోట గోడ మీద నిలువెత్తు చెమ్మ మచ్చ, అంచుల్లో పచ్చబడి పెచ్చులూడుతోంది. అన్నయ్య జరిపించమన్న బీరువా. ఆమె వద్దన్న బీరువా. కిటికీ అసలు ఇంత ఎత్తుగా ఉంటుందని ఆమెకు తెలియదు. కింద చెక్క లేకపోతే అది గోడకు కొట్టిన ఒక చతురస్రం అంతే. నేలమీద కూర్చుంటే ఆకాశం ముక్క తప్ప ఏమీ కనబడదు. గాలి కూడా నెత్తి మీదుగా పోతోంది. ఆమె కొన్నది గదుల్ని. ఆశపడింది మాత్రం ఎవరో కష్టపడి అమర్చుకున్న ఒక మధ్యాహ్నాన్ని. అది వ్యానెక్కి వెళ్లిపోయింది.

పరుపు పరిచింది. ట్రంకుపెట్టె ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక మూడుచోట్ల పెట్టి చూసింది. చిత్రంగా, దివాను కింద తప్ప అది ఎక్కడా ఇమడనట్టే ఉంది. ఈపాటికి వదిన టీవీ పెట్టి ఉంటుంది. ముందుగదిలో చెప్పుల చప్పుళ్లు, "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి చూడు" అన్న కేక. ఇన్నాళ్లూ ఏ చప్పుడు లేకుండా ఉంటే చాలనుకుందో ఆ చప్పుడే ఇప్పుడు కావాలనిపించింది. మనసుకు సిగ్గు లేదు. దానికి ఎప్పుడూ లేనిదే కావాలి. ఆమె చెమ్మ మచ్చకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. యూనిఫాం తగిలించుకోవడానికి మేకు కూడా లేదు. ఉతికిన చొక్కా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. వెలుగు కిటికీ నుంచి జరిగి, మచ్చ మీదికి వచ్చి, మెల్లగా తగ్గింది.

తలుపు మీద చప్పుడైంది. ఎవరో తట్టారు. గట్టిగా కాదు, వేలి కణుపుతో.

"ఎవరూ?" అంది. ఆ మాట తన నోట కొత్తగా వినిపించింది.

తలుపు అవతల చెప్పులు విడిచిన చప్పుడు. తర్వాత గొంతు సవరించుకున్న శబ్దం.

"నేనే. అన్నయ్యని. గోడౌను నుంచి ఇటే వచ్చాను." మళ్లీ గొంతు సవరించుకున్నాడు. "లోపలికి రావచ్చా?"

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఆ మాట ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె పడుకుని ఉంటే పక్కనుంచి నడిచారు, తింటుంటే నెత్తిమీది స్విచ్చి వేశారు, ఏడుస్తుంటే చెప్పులు వెతుక్కున్నారు. ప్రేమగానే. తలుపు లేని మనిషిని ఎవరు మాత్రం ఏమని అడుగుతారు?

ఆమె లేచింది. అన్నయ్య లోపలికి రావాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. వచ్చి ఆ మచ్చ చూసి, తల పట్టుకుని, నే చెప్పలేదూ అని తిట్టాలి. ఒక్క గంట కూర్చోవాలి. ఆ పరుపు మీద ఎంత ఇరుగ్గా అయినా సరే కూర్చోవాలి. గబగబా తలుపు దాకా నడిచి, గడియ మీద చేయి వేసింది. ఇనుము చల్లగా ఉంది.

"ఒక్క నిమిషం అన్నయ్యా," అంది.

లోపల ఆమెకు చేయాల్సిన పనేమీ లేదు. ఊరికే నిలబడింది. తలుపుకు అవతల అన్నయ్య "సరే, సరే, తొందరేం లేదు" అని, మెట్ల మీద ఎదురుచూస్తూ నిలబడ్డాడు.